ఇరుకు ఇంటిలో ఇంపైన కాపురము

ఇల్లు విశాలముగ నున్నంత మాత్రమున సుఖము కలుగదు. ఇరుకుగ నున్నంత మాత్రమున సుఖము తొలగిపోదు. గాలి వచ్చు త్రోవ, వెలుతురు పడు చోటు, నీరు నిలువని నేల, నిదురకు నెమ్మది - ఈ నాలుగును సమకూడిన ఇంటిలో ఆరోగ్యము నిలుచును. ఇవి లోపించిన ఇంటిలో ఎంత విలువగల సామాను ఉన్నను రోగము విడువదు. చిన్న ఇంటిని ఏ విధముగ సర్దుకొనినచో కుటుంబము హాయిగ నుండునో, భిలాయి నగరమందలి క్యాంప్ 1 పేటను దృష్టాంతముగ గైకొని ఇందు వివరింపబడినది. ఇచ్చట చెప్పిన విషయములు పట్టణములందలి చిన్న ఫ్లాట్లకును, ఒంటిగది వాటాలకును సమానముగ వర్తించును.

శిబిరము పేటయైన వైనము

భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరిన ఒడంబడికను అనుసరించి, దుర్గు జిల్లాలోని భిలాయి యొద్ద ఉక్కు కర్మాగారము నిర్మింపబడినది. అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభించిరి. నిర్మాణపు పనులకై దేశము నలుమూలల నుండియు జనులు వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పెక్కుమంది విజయనగరము - రాయపూరు రైలుమార్గమున వచ్చి ఇచ్చట స్థిరపడిరి. పనివారి వసతికై ఏర్పడిన శిబిరములు క్యాంప్ 1, క్యాంప్ 2 అను పేర్లతోనే నిలిచిపోయినవి. నాడు మధ్యప్రదేశములో నుండిన ఈ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీ నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున చేరినది.

శిబిరమనగా కొంతకాలముండి లేచిపోవు చోటు. క్యాంపులో మాత్రము తరములు గడిచినవి. ఒంటరిగ వచ్చిన పనివాడు భార్యాబిడ్డలను తెచ్చుకొనెను. ఆ బిడ్డలు పెరిగి కాపురములు పెట్టిరి. ఒక గదికి వెనుక మరియొక గది, దానిపై వేరొక గది లేచినవి. ఈనాడు అచ్చటి సందులలో గోడకు గోడ ఆనుకొనిన ఇండ్లు పెక్కు కలవు. తాత్కాలికమని తలచి కట్టుకొనిన ఇంటిలో శాశ్వతముగ బ్రతుకవలసి వచ్చినప్పుడు, సామానును దించిన చోటనే యుంచక, ఒక క్రమమున అమర్చుకొనుట అవసరమగును.

గాలియు వెలుతురును

ఇంటిని సర్దుటకు పూనుకొనువారు మొదట చూడవలసినది కిటికీని. పొడియైన వేడి ప్రాంతములందు గది నేల వైశాల్యములో కనీసము పదియవ వంతు కిటికీలకు ఉండవలెనని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదికి నాలుగడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు గల కిటికీ ఒకటి ఉండిన ఈ లెక్క సరిపోవును. తేమ యెక్కువగ నుండు వేడి ప్రాంతములందు ఆరవ వంతు ఉండుట మేలు.

కాని కిటికీ యున్నను లేనట్లే యున్న ఇండ్లు అనేకము. బీరువాను కిటికీకి అడ్డముగ నిలుపుదురు; కిటికీ చువ్వలకు సంచులు వ్రేలాడదీయుదురు; దుమ్ము వచ్చునని రెక్కలను ఏడాది పొడవునను మూసియుంచుదురు. బీరువాను కిటికీ లేని గోడకు జరుపుట పైసా ఖర్చు లేని వైద్యము. వెలుపలికి ఒక్క గోడ మాత్రమే యున్న గదిలో కప్పునకు సమీపమున చిన్న గవాక్షమైనను పెట్టించవలెను. వేడిగాలి తేలిక గనుక పైకి లేచి దాని గుండ పోవును. చల్లనిగాలి క్రింది నుండి లోనికి వచ్చును.

ఇది సౌఖ్యమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. క్షయరోగి దగ్గినప్పుడు వెలువడు సూక్ష్మ బిందువులు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుచుండును. అట్టి గదిలో పండుకొనువారందరును ఆ గాలినే పీల్చుదురు. తలుపులు, కిటికీలు తెరచినచో ఆ బిందువులు చెదరి బయటికి పోవును. సూర్యరశ్మి తాకినచో క్రిములు నశించును. ఇంటిలో ఎవరికైనను రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో జాగుచేయక ప్రభుత్వ వైద్యశాలలో కళ్లె పరీక్ష చేయించవలెను. పరీక్షయు, మందులును ఉచితము. రోగము తేలినచో ఇంటిలోని తక్కినవారును పరీక్ష చేయించుకొనవలెను. మందు సాధారణముగ ఆరు మాసములు వాడవలసి యుండును. దగ్గు తగ్గినదని నడుమ మానరాదు.

వంటమూల

ఒంటిగది ఇంటిలో పొయ్యికి దగ్గరగనే పడక యుండును. కాన వంటమూలను తలుపునకో, కిటికీకో చేరువగ ఏర్పరచి, పొగయు ఆవిరియు తిన్నగ బయటికి పోవునట్లు చూడవలెను. గ్యాసుబండను నిలువుగ నేలపై ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టుపై ఉంచవలెను. గ్యాసు గాలికంటె బరువైనది; కారినచో నేలమీదనే పరచుకొని యుండును. అందువలన బండ యున్న చోట చాపలు పరచి పండుకొనుట మిక్కిలి ప్రమాదకరము. రాత్రి పరుండబోవు ముందు రెగ్యులేటరును కట్టివేయుట ఇంటివారందరికిని అలవాటు కావలెను. వాసన తగిలినచో దీపపు స్విచ్చును వేయరాదు, తీయరాదు; తలుపులు తెరచి అందరును బయటికి రావలెను.

చలికాలమున కొందరు బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకొని తలుపు బిగించి నిద్రింతురు. బొగ్గులు మండునప్పుడు పుట్టు కార్బన్ మొనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు మేలుకొనకయే మరణింతురు. చలి యెంత యున్నను కుంపటిని మూసిన గదిలో ఉంచరాదు.

నీరు నిలువయుంచు విధము

కుళాయి వచ్చు వేళలు కొద్దియగుటచే ఇంటింటను బిందెలు, డ్రమ్ములు, మిద్దెపై ట్యాంకులు ఉండుట సహజము. నీటిని నిలువయుంచుట తప్పు కాదు. తెరచి యుంచుట తప్పు. 2018వ సంవత్సరపు వానకాలమున భిలాయి నగరమున డెంగీ జ్వరము తీవ్రముగ వ్యాపించి ప్రాణములను బలిగొనినది. ఆ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగుకాలువలలో గాక, ఇంటిలోని మంచినీటిలోనే పుట్టును. డ్రమ్ము, పూలకుండీ క్రింది పళ్లెము, పాత టైరు, అన్నింటికంటె ముఖ్యముగ ఎండకాలము ముగిసిన పిమ్మట నీటితో వదలివేసిన కూలరు దానికి ప్రసూతిగృహములు.

ఆ దోమ నీటి అంచునకు కొంచెము పైన, పాత్ర గోడకు గ్రుడ్లను అంటించును. నీరు ఒలకబోసినను గ్రుడ్లు అంటుకొనియే యుండును. ఎండిపోయియు నెలల తరబడి బ్రతికి, మరల నీరు తగిలిన వెంటనే పొదుగును. గ్రుడ్డు దోమగ మారుటకు వారము మొదలు పది దినములు పట్టును. కాన వారమునకు ఒక దినమును నిర్ణయించుకొని, ప్రతి పాత్రను ఖాళీచేసి, లోపలి గోడలను పీచుతోగాని బ్రష్షుతోగాని గట్టిగ తోమి, ఆరబెట్టి, మూతపెట్టవలెను. తోమకుండ నీరు మార్చుట వలన ప్రయోజనము స్వల్పము.

జ్వరము వచ్చినచో తమంతట తాము ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు వేసికొనరాదు. అవి రక్తస్రావమును హెచ్చించును. కడుపునొప్పి, ఎడతెగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మగత కనుపించినచో తక్షణమే వైద్యశాలకు చేర్చవలెను.

నిదురయు షిఫ్టు పనియు

ఉక్కు కర్మాగారము రాత్రింబవళ్లు మూడు షిఫ్టులలో నడుచును. రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరిన కార్మికుడు పగటి వేళ నిద్రింపవలెను. అదే గదిలో అప్పుడు వంట జరుగుచుండును, పిల్లలు ఆడుచుందురు, ఇరుగుపొరుగువారు వచ్చిపోవుచుందురు. నిదుర చాలనివాడు కొలిమి ప్రక్కను, క్రేను క్రిందను పనిచేయునప్పుడు క్షణకాలపు ఏమరపాటు ప్రాణముమీదికి వచ్చును. కాన ఇంటిని సర్దునప్పుడు పగటి నిదురకు ఒక మూలను కేటాయించుట విలాసము కాదు.

గదికి అడ్డముగ ఒక దండెమును కట్టి, దళసరి ముదురురంగు తెరను వ్రేలాడదీసినచో ఆ మూల చీకటియగును. తెరను కప్పు వరకు పోనీయక, పైని ఒక అడుగు విడిచినచో గాలి ఆడును. డెంగీ దోమ పగటిపూటనే కుట్టును. ఇంటిలో కదలక పడియుండు పగటి నిద్దురవాడు దానికి సులభముగ దొరకును. అందువలన దోమతెర రాత్రికి మాత్రమేయను తలంపు విడిచి, పగలు నిద్రించువారికిని, ఊయలలోని శిశువునకును దానిని కట్టవలెను.

స్వగ్రామము నుండి బంధువులు వచ్చినప్పుడు ఇల్లు మరింత ఇరుకగును. అతిథిని ఆదరించుట తెలుగువారి మర్యాద. ఆ మర్యాదకు మడత మంచమును, అదనపు దోమతెరయు తోడుగ నుండవలెను. దగ్గు గలవారికి గాలి వెలుపలికి పోవు కిటికీ ప్రక్కను పడక వేయుట మంచిది.

సామాను, అటక

చిన్న ఇంటిలో నేల విలువైనది, గోడ చౌకయైనది. నేలపై నుండు వస్తువులలో ఎన్నింటిని గోడపైకి చేర్చగలిగిన అంత చోటు మిగులును. బట్టలకు చిలకకొయ్యలు, పాత్రలకు గోడబల్లలు, పుస్తకములకు గూళ్లు ఏర్పరచుకొనవలెను. ట్రంకుపెట్టెలను ఇటుకలపై గాని, కొయ్య దిమ్మెలపై గాని ఎత్తి యుంచినచో క్రింద చీపురు ఆడును. ఎలుకలకును, తేళ్లకును చోటు దొరకదు.

అటక మిక్కిలి ఉపయోగకరము. కాని అది మరచిపోయిన వస్తువుల శ్మశానము కారాదు. ఏటికి ఒకమారే వాడు గంగాళములు, చలికాలపు బొంతలు అందుంచవచ్చును. బరువైన రోలు, ఇనుప సామాను, గాజు వస్తువులు పడక మీది అటకపై ఉంచరాదు. సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు అటకను పూర్తిగ దింపి చూచి, ఏడాదిలో చేతికి రాని వస్తువును అవసరమున్నవారికి ఇచ్చివేయుట ఉత్తమము. కిరసనాయిలు, ఫినాయిలు, మందులు పిల్లలకు అందని ఎత్తున, తాళము వేసి యుంచవలెను. తాగునీటి సీసాలలో వీనిని పోయుట ఎన్నడును తగదు.

ఎండకాలము

ఈ ప్రాంతపు వేసవి తీక్ష్ణమైనది. రేకుల కప్పు పగలంతయు కాగి, గదిని పొయ్యిగ మార్చును. వేసవికి ముందే కప్పుపై సున్నముగాని, తెల్లని పూతగాని వేసినచో ఎండ కొంత వెనుకకు మరలి లోపలి వేడిమి కొన్ని డిగ్రీలు తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు ఇదియే కారణము. ఆస్‌బెస్టాసు రేకులను కోయుట, తొలుచుట, గీకుట కూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

కూలరు గాలి లోనికి వచ్చుటకు ఒక త్రోవ ఉన్నట్లే, బయటికి పోవుటకు మరియొక త్రోవ ఉండవలెను. లేనిచో గది చల్లబడుటకు మారుగ చెమర్చును. నీరు పోయునప్పుడు ప్లగ్గును ఊడదీయవలెను. ఎర్తింగు లేని ఇనుప కూలరును తడిచేతులతో ముట్టుట మృత్యువును ముట్టుటయే.

అలంకరణము

పైవన్నియు అమరిన తరువాత అలంకరణమునకు కొద్దిపాటి శ్రమ చాలును. తెల్లని, లేత రంగుల గోడలు కొద్దిపాటి వెలుతురునే రెట్టింపుగ చూపును. రంగు డబ్బా కొనునప్పుడు సీసము లేనిదని వ్రాసియున్నదో లేదో చూడవలెను. ఇంటి రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములకు మించరాదని 2016లో చేయబడిన నియమము 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. పాత రంగు పెచ్చులు ఊడుచున్నచో, పిల్లలు నోట పెట్టుకొనకుండ తడిగుడ్డతో తుడిచి తీసివేయవలెను.

గుమ్మము ముందు ముగ్గు, కిటికీ యొద్ద ఒక తులసి కుండీ, ఉతికిన తెర, దులిపిన దేవుని పటము - ఇంతకంటె ఇంటికి శోభ వేరొకటి లేదు. గది నడుమ కొంత నేలను ఏ వస్తువును పెట్టక ఖాళీగ విడుచుట గొప్ప అలంకరణము. అచ్చట పగలు పిల్లవాడు చదువుకొనును. సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి భుజింతురు. రాత్రి పడక పరచుకొందురు.

గుర్తుంచుకొనవలసినవి

1. కిటికీకి అడ్డముగ ఏ సామానును ఉంచరాదు.
2. రాత్రి గ్యాసు రెగ్యులేటరును కట్టివేయవలెను. మూసిన గదిలో కుంపటి పెట్టరాదు.
3. వారమునకు ఒకమారు నీటిపాత్రలను, కూలరును తోమి ఆరబెట్టవలెను.
4. పగలు నిద్రించువారికిని దోమతెర కట్టవలెను.
5. రెండు వారములకు మించిన దగ్గును అశ్రద్ధ చేయరాదు.
6. బరువులను పడక మీది అటకపై ఉంచరాదు. విషపదార్థములను పిల్లలకు అందనీయరాదు.
7. వేసవికి ముందు కప్పునకు తెల్లని పూత వేయవలెను.

పనికై వచ్చినవారు శిబిరమును పేటగ మార్చుకొనిరి. అందలి ప్రతి గదిని ఆరోగ్యనిలయముగ మార్చుకొనుట ఆ గృహస్థుల చేతిలోని పనియే. అందునకు కావలసినది అధిక ధనము కాదు. వారమునకు ఒక పూట శ్రమయు, ప్రతి వస్తువునకు తగిన చోటును ఎన్నుకొను వివేకమును.