విమానములు విడిచిన పేట



హాంగ్‌కాంగు నగరమున, కౌలూన్ తీరమునందు కైతక్ అను పేట యొకటి కలదు. 1925 మొదలు 1998 వఱకు అచ్చట విమానములు దిగుచుండెను. నేడు మేడలు లేచుచున్నవి. చూడబోవువారు క్రొత్త మేడలను మాత్రమే చూచి మరలినచో సగమే చూచినవారగుదురు. విమానముల రాకచే ఆ నేల యేమి కోలుపోయెనో, వాని పోకచే నేమి కోలుపోనున్నదో తెలిసికొని చూడవలెను.

హో కై, అవ్ తక్ అను నిరువురు ప్రముఖులు సముద్రమును పూడ్పించి ఇండ్లు కట్టింపదలచిరి. వారి పేరులు కలసి కైతక్ అయినది. ఆ పూనిక ఫలింపలేదు. పూడ్చిన నేల ప్రభుత్వమునకు చేరి, పిదప విమానముల పాలయ్యెను.

1941 మొదలు 1945 వఱకు జపానువారు నగరము నాక్రమించి విమానాశ్రయమును పెంచిరి. అందులకై చేరువనున్న కౌలూన్ కోటగోడల రాళ్లను పెకలించిరి. పదుమూడవ శతాబ్దమున సుంగ్ వంశపు బాలచక్రవర్తులు శత్రుభయమున తలదాచుకొనిరని జనులు చెప్పుకొను గుట్టనుగూడ చదును చేసిరి. గుట్టమీది శిలలో అక్షరములు చెక్కిన భాగము మాత్రము మిగిలినది. సుంగ్ వాంగ్ తోయ్ అనబడు ఆ శిల నేడొక చిన్న తోటలో నిలిచియున్నది.

1958లో సముద్రములోనికి చొచ్చుకొనిపోవునట్లు క్రొత్త రన్‌వే వేయబడెను. ఆవలి దిక్కున కొండలడ్డముగా నుండుటచే విమానములు తిన్నగా దిగ వీలులేదు. కొండపై వ్రాసిన పెద్ద గళ్లగుర్తు నానవాలుగా గొని, అది కనబడగానే కుడివైపునకు తిరిగి, ఇండ్లకప్పులకు కొంచెము మీదుగా దిగవలెను. కావున చుట్టుపట్ల ఎత్తైన కట్టడములు నిషేధింపబడెను. ఆ రొద భరింపరానిదే. కాని ఆ నిషేధమే కౌలూన్ నగరమను ప్రక్కపేటలో పొట్టి యిండ్లను, చిన్న అంగళ్లను కాపాడెను. అచ్చట థాయిదేశపువారును, చావ్‌జౌ ప్రాంతపువారును పూటకూళ్లు పెట్టుకొని స్థిరపడిరి.

1998 జూలై 6వ తేదీన కైతక్ మూతపడి, విమానములు చెక్ లాప్ కోక్ దీవికి తరలెను. ఎత్తుల నిషేధమును దానితోడనే తొలగెను. రన్‌వే కొనయందు 2013లో విహారనౌకల రేవును, పాత విమానాశ్రయపు నేలమీదనే వేఱొకచోట 2025లో ఏబదివేలమంది కూర్చుండదగిన క్రీడాస్థలమును తెరవబడినవి. రైలుమార్గమునకై త్రవ్వగా సుంగ్, యువాన్ కాలములనాటి బావులును, నాణెములును, కుండపెంకులును బయల్పడెను. 2021లో తెరచిన సుంగ్ వాంగ్ తోయ్ స్టేషనులో వానిలో కొన్నిటిని చూడవచ్చును.

చూడబోవువారు ఆ స్టేషనులోనే దిగుట మేలు. ముందు తోటలోని శిలను చూచి, పిదప కౌలూన్ నగరపు వీధులలో నడువవలెను. 2022లో నగర పునర్నిర్మాణసంస్థ ఆ పేటలోని కొన్ని వీధుల పాత యిండ్లను తీసి క్రొత్తవి కట్టు పనికి పూనుకొన్నది. పాత యిండ్లు శిథిలములగుచున్నవి. వానిలోని వృద్ధులకు మంచి యిండ్లు కావలసినదే. అయినను విఱిగిన శిలను తోటలో నిలుపవచ్చును, పెంకులను గాజుబీరువాలో నుంచవచ్చును. అద్దెకున్న దుకాణదారులును, ఇరుగుపొరుగులును ఒకమారు చెదరినచో వారిని తిరిగి కూర్చుట యెవ్వరికిని సాధ్యముకాదు. క్రొత్త మేడల క్రింద ఆ అంగళ్లకును చోటు దొరకినప్పుడే ఆ పునర్నిర్మాణము సార్థకమగును.