అనొరెక్సియా నెర్వోసా కొనసాగింపులో అలవాటు పాత్ర

ఆహార సంబంధ రుగ్మతలలో మరణాల ప్రమాదం అధికంగా ఉన్నది అనొరెక్సియా నెర్వోసా. శరీరం ప్రమాదకరంగా క్షీణించినా, కోలుకోవాలన్న కోరిక ఉన్నా, రోగి ఆహారాన్ని తగ్గిస్తూనే ఉండటం దీని లక్షణం. కుటుంబసభ్యులు దీనిని తరచుగా మొండితనంగా భావిస్తారు. ఈ ప్రవర్తన ఎందుకు కొనసాగుతుందనే ప్రశ్నకు ‘అలవాటు’ అనే భావన మరొక సమాధానాన్ని సూచిస్తుంది.

మనోవిజ్ఞానశాస్త్రం ప్రకారం ఒక ఫలితాన్ని కోరి చేసేది లక్ష్యాధారిత చర్య. పదేపదే చేయడం వల్ల, ఫలితంతో నిమిత్తం లేకుండా, తగిన సందర్భం ఎదురుకాగానే జరిగిపోయేది అలవాటు. ఈ భేదాన్ని 2013లో అమెరికన్ మనోవైద్యుడు బి. టిమొతీ వాల్ష్ అనొరెక్సియాకు అన్వయించారు. బరువు తగ్గాలన్న లక్ష్యంతో ఆహార నియంత్రణ మొదలవుతుంది. బరువు తగ్గడం, ఇతరుల మెప్పు తొలి ప్రతిఫలాలు. కాలక్రమంలో ఆ ప్రతిఫలాలు లేకపోయినా నియంత్రణ మాత్రం నిలిచిపోతుంది. అప్పుడు కంచం ముందు కూర్చోవడమే కేలరీలు లెక్కించడానికి, కొవ్వు పదార్థాలను పక్కన పెట్టడానికి ప్రేరణ అవుతుంది.

2015లో ఫోర్డే, స్టైన్‌గ్లాస్, షొహామీ, వాల్ష్ ప్రచురించిన అధ్యయనం ఈ ప్రతిపాదనకు బలమిచ్చింది. ఆహారాన్ని ఎంచుకునే సమయంలో రోగుల మెదడును ఎం.ఆర్.ఐ. ద్వారా పరిశీలించగా, వారి ఎంపికలకు డోర్సల్ స్ట్రయాటమ్‌తో సంబంధం కనిపించింది. అలవాట్లు ఏర్పడటంలో పాత్ర వహించే భాగమిది. అయితే ఈ ప్రాంతం ఇతర విధులనూ నిర్వర్తిస్తుంది కనుక, ఇది అలవాటుకు పరోక్ష సాక్ష్యం మాత్రమే. పైగా 2016లో గోడియర్ బృందం ఆహారంతో సంబంధం లేని ప్రయోగాలు జరిపినప్పుడు, రోగులలో అలవాట్లు ఏర్పరచుకునే సాధారణ ధోరణి అధికంగా ఉన్నట్లు తేలలేదు. కాబట్టి అలవాటు ప్రభావం ఉన్నట్లయితే, అది ఆహార ప్రవర్తనకే పరిమితమై ఉండవచ్చు.

ఈ చర్చకు చికిత్సాపరమైన ప్రాధాన్యం ఉంది. ప్రవర్తన అలవాటుగా మారినచోట హితబోధ ఒక్కటే చాలదు. ప్రేరేపించే సందర్భాన్ని గుర్తించడం, పాత చర్య స్థానంలో కొత్త చర్యను అభ్యసించడం అవసరమవుతాయి. ఈ పద్ధతిని 2018లో 22 మంది రోగులతో పరీక్షించగా, సహాయక మానసిక చికిత్సతో పోలిస్తే అలవాటు బలం ఎక్కువగా తగ్గింది. పరీక్ష చిన్నది కనుక దీనిని తొలి సూచనగానే స్వీకరించాలి. పోషకాహార పునరుద్ధరణకు ఇది ప్రత్యామ్నాయం కూడా కాదు.

పునరావృతితో అలవాటు బలపడుతుంది కనుక, తొలి దశలోనే చికిత్స ప్రారంభించాలన్న వాదనకు ఈ దృక్పథం మద్దతునిస్తుంది. రోగిని నిందించడానికి మాత్రం ఇందులో తావు లేదు. సంకల్పలోపంగా కనిపించేది, అభ్యాసం వల్ల స్థిరపడిన ప్రవర్తన కావచ్చు.