బోరే, బాసీ: ఛత్తీస్‌గఢ్ చద్దన్నంలో రకాలు, గుణాలు

రాయ్‌పూర్: మే నెలాఖరున సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించాక వచ్చే తొమ్మిది రోజుల తీవ్రమైన ఎండలను ఛత్తీస్‌గఢ్‌లో ‘నౌతపా’ అంటారు. తెలుగువారికి అది రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఆ ఎండల్లో పొలానికో కూలిపనికో బయలుదేరే ఛత్తీస్‌గఢ్ గ్రామీణులకు ఉదయపు ఆహారం ‘బాసీ’. రాత్రంతా నీటిలో నాని, కొద్దిగా పులిసిన అన్నమిది. పేదల తిండిగా పేరుపడిన ఈ వంటకం ఇటీవలి సంవత్సరాల్లో రాష్ట్ర అస్తిత్వ చిహ్నంగా మారింది. 2022 మే 1న కార్మిక దినోత్సవం సందర్భంగా శ్రమజీవుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. ఆదరణతోపాటు దాని గుణాలపై అతిశయోక్తులూ పెరిగాయి.

రెండు పేర్లు, రెండు వంటకాలు

‘బోరే బాసీ’ జంటపదంగా వినిపించినా, అవి వేర్వేరు. ఛత్తీస్‌గఢీలో ‘బోర్’ ధాతువుకు ముంచడమని అర్థం. అప్పుడే వండిన అన్నాన్ని నీటిలో వేసి కొద్ది సేపటికే తింటే అది బోరే. దానిలో పులుపు ఉండదు. ‘బాసీ’ అంటే నిల్వ ఉన్నది. రాత్రి నీటిలో వేసి మరునాడు ఉదయం తినేది బాసీ. మెతుకు మెత్తబడి, నీరు తెల్లగా మారి, సన్నని పులుపు వస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసేది కాలమే.

తెలుగులో దీనికి సమానమైన మాట ‘చద్ది’. దాని పూర్వరూపాలు చలిది, చల్ది. హిందీ మాట నిల్వను సూచిస్తే, తెలుగు మాట చల్లదనాన్ని పట్టుకుంది. ఒడిశా పఖాళ, బెంగాల్ పాంతా భాత్, తమిళనాడు పళయ సోరు ఈ కుటుంబానివే. బస్తర్‌లో రాగిపిండిని నానబెట్టి, పులిసిన తర్వాత నూకలతో కాచే ‘మడియా పేజ్’ మన అంబలిని తలపిస్తుంది. దానిని ఎండిన సొరకాయ బుర్రలో పోసి పనిచోటికి తీసుకువెళ్లడం అక్కడి అలవాటు.

బాసీకి తోడుగా ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మామిడికాయ పచ్చడి తప్పనిసరి. చేంచ్ భాజీ వంటి ఆకుకూరలు, ఎండబెట్టిన కూరగాయలతో చేసే కూరలు కూడా నంజుకుంటారు.

పులియడంలో జరిగేది

నీటిలో మునిగిన అన్నంపై లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పనిచేసి పిండిపదార్థంలో కొంత భాగాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పులుపు అక్కడి నుంచే వస్తుంది. ధాన్యంలోని ఫైటేట్ అనే పదార్థం ఇనుము, జింక్ వంటి ఖనిజాలను శరీరానికి అందకుండా పట్టి ఉంచుతుంది. పులియడం వల్ల ఫైటేట్ తగ్గి, ఉన్న ఖనిజాలు శరీరానికి మరింత సులువుగా అందుతాయి.

రాత్రికి రాత్రే అన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందన్న ప్రచారం విస్తృతంగా ఉంది. ఇది నమ్మదగినది కాదు. ఇనుము మూలకం, సూక్ష్మజీవులు దానిని సృష్టించలేవు. పాత్ర నుంచో, నీటి నుంచో కొంత చేరితే తప్ప, అన్నంలో ఉన్న ఇనుము ఉన్నంతే ఉంటుంది. మారేది అది శరీరానికి అందే తీరు. రక్తహీనత ఉన్నవారు ఈ ప్రచారాన్ని నమ్మి చికిత్స మానుకుంటే నష్టపోతారు.

ఎండలో శ్రమించేవారికి బాసీ చేసే మేలు తేలికగా అర్థమయ్యేదే. చెమటతో పోయే నీరు, ఉప్పు ఒకే గిన్నెలో తిరిగి లభిస్తాయి. పొయ్యి వెలిగించాల్సిన పని లేదు. మిగిలిన అన్నం వృథా కాదు.

జాగ్రత్తలు

వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరగవచ్చు. అది విడుదల చేసే ఒక విషపదార్థం మళ్లీ వేడిచేసినా నశించదు. అందువల్ల అన్నాన్ని త్వరగా చల్లార్చి, శుభ్రమైన పాత్రలో, కాచి చల్లార్చిన నీటిలో వేయడం మేలు. ఉదయానికల్లా తినేయాలి. దుర్వాసన, జిగురు, రంగు మార్పు కనిపిస్తే పారవేయాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో, మధుమేహం ఉన్నవారు పరిమాణం విషయంలో వైద్యుల సలహా పాటించాలి.

బియ్యమే మూలం

బాసీ చరిత్ర వరి చరిత్రతో ముడిపడి ఉంది. 1970వ దశకంలో వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా ఈ ప్రాంతపు పల్లెల నుంచి వేలాది దేశవాళీ వరి నమూనాలను సేకరించారు. ఆ వారసత్వానికి కొనసాగింపుగా రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నేడు 23 వేలకు పైగా వరి నమూనాలు భద్రంగా ఉన్నాయి. ‘వరి గిన్నె’గా పేరొందిన ఈ నేలలో అన్నం మెతుకు వృథా కాకూడదన్న భావన నుంచే బాసీ వంటి అలవాట్లు బలపడ్డాయి.

పెద్దల మాట చద్ది మూట అన్న తెలుగు సామెత చద్దిని పనికొచ్చే వస్తువుగానే చూసింది గాని, దివ్యౌషధంగా కాదు. బాసీ విలువనూ అలాగే గుర్తించడం సబబు. చల్లదనం, పొదుపు, సులువు దాని నిజమైన గుణాలు. వాటికి లేని మహిమలను జోడించాల్సిన అవసరం లేదు.