పాయింటరు పాఠము – కంటికి కనిపించు బోధన

సి భాష నభ్యసించు విద్యార్థులలో పలువురు తొలి పాఠములను ఉత్సాహముతో పూర్తిచేసి, పాయింటరుల అధ్యాయమునకు రాగానే నిలిచిపోవుచుందురు. తెలుగు, ఉర్దూ మాధ్యమములలో చదివి వచ్చినవారు దీనికి తమ ఆంగ్లమే కారణమని తలచి కుంగిపోవుదురు. కంప్యూటరు శాస్త్రము తమకు తగినది కాదని కొందరు విడిచిపెట్టుటయు కలదు. కంటికి కనబడని వస్తువును మాటలతో మాత్రమే బోధించుట వలన ఈ నష్టము కలుగుచున్నదని మా అభిప్రాయము. ఆ వస్తువును బొమ్మలో చూపి, ఆ బొమ్మను విద్యార్థి చేతికే అప్పగించు పద్ధతిని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట మెమరీ అనగా నేమో చూతము. అది వరుసగా ఉన్న గదుల సముదాయము. ఒక్కొక్క గదిలో ఒక బైటు ఇముడును. ప్రతి గదికి ఒక సంఖ్య కలదు. అదియే దాని చిరునామా. నేటి కంప్యూటరులలో సాధారణముగా ఒక పూర్ణాంకమునకు 4 బైట్లు కావలెను. 'క' అను పూర్ణాంకమునకు 1000 మొదలు 1003 వరకు గల గదులు లభించినవనుకొందము. అందు 25 ఉంచితిమి. ఇక 'చ' అను పాయింటరునకు వేరొకచోట స్వంత గదులున్నవి. వానిలో ఉన్నది 25 కాదు. 1000 అను చిరునామా. ఉర్దూలో 'పతా' అనిన చిరునామా. 'వాని పత్తా లేదు' అని మన తెలంగాణమున తెలుగువారును అనుచునే యుందురు. పాయింటరు అట్టి పత్తాను దాచుకొను పెట్టె.

'చ = &క' అనిన, 'క' యొక్క చిరునామాను 'చ' లో ఉంచుమని అర్థము. '*చ = 30' అనిన, 'చ' లోని చిరునామాకు పోయి అచ్చట 30 ఉంచుమని అర్థము. రెండవ వాక్యము వలన 'చ' మారలేదు; 'క' మారినది. పాయింటరును ప్రకటించు వాక్యములో మాత్రము నక్షత్రపు గుర్తు 'ఇది పాయింటరు' అని తెలుపుటకే వచ్చును. ఒకే గుర్తునకు రెండు పనులుండుట తొలి గందరగోళమునకు మూలము. నల్లబల్లపై పెట్టెలు గీచి, చిరునామాలు వ్రాసి, 'చ' నుండి 'క' కు బాణము వేసిన, ఈ చిక్కు చాలవరకు విడిపోవును.

ఇట్టి బొమ్మలను కంప్యూటరే గీచి చూపు సాధనములు కలవు. అమెరికాలో ఫిలిప్ గువో 2010లో రూపొందించిన పైథాన్ ట్యూటర్ వానిలో ప్రసిద్ధమైనది. అందు పైథాన్‌తో పాటు సి, సి ప్లస్ ప్లస్, జావా భాషల ప్రోగ్రాములను కూడ నడపవచ్చును. ఒక్కొక్క వాక్యము నడచినపుడు మెమరీలోని మార్పు పెట్టెలుగాను, బాణములుగాను కనిపించును. ముందుకే గాక వెనుకకును అడుగు వేయవచ్చును.

అయితే బొమ్మను చూచుట ఒకటి, దానితో పనిచేయుట వేరొకటి. హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో అను పరిశోధకులు ఇట్టి చిత్రబోధనపై జరిగిన 24 ప్రయోగములను పరిశీలించి, 2002లో తమ నిర్ణయమును ప్రకటించిరి. తెరపై ఏమి చూపితిమనుదానికంటె, విద్యార్థి దానితో ఏమి చేసెననునదే ముఖ్యమని దాని సారాంశము. కావున మీట నొక్కుటకు ముందే తరువాతి బొమ్మ ఎట్లుండునో విద్యార్థి కాగితముపై గీయవలెను. పిమ్మట తెరతో పోల్చుకొనవలెను. తప్పిన బొమ్మయే ఇచ్చట గురువు.

ఒక ఉదాహరణ. రెండు సంఖ్యలను తారుమారు చేయుటకు ఒక ఫంక్షను వ్రాసి, 5, 8 పంపితిమి. తిరిగి వచ్చి చూచిన అవి యథాస్థానముననే యున్నవి! ఫంక్షనునకు చేరినవి ఆ సంఖ్యల నకళ్లు మాత్రమేయని, తారుమారైనవి ఆ నకళ్లేయని బొమ్మ చూచిన తెలియును. చిరునామాలను పంపి, ఆ చోట్లలోని విలువలను మార్చినపుడే మన పని నెరవేరును.

మరియొక చిక్కు కలదు. దానిని మన ప్రాంతపు అనుభవముతోనే చెప్పవచ్చును. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మన మేళ్లచెరువు పరిసరములలో, కృష్ణపై కట్టిన పులిచింతల ప్రాజెక్టు వలన నెమలిపురి, అడ్లూరు వంటి గ్రామములు ముంపునకు గురియైనవి. పాత ఉత్తరములపై ఆ చిరునామాలు చెక్కుచెదరక యుండవచ్చును. ఆ యిండ్లు మాత్రము లేవు. 'ఫ్రీ' అను ఆజ్ఞతో మెమరీని విడిచిన పిమ్మట పాయింటరు గతియు నిదియే. చిరునామా మిగులును, హక్కు పోవును. ఆ గదులు మరొక పనికి ఇయ్యబడి యున్నచో, మనము వ్రాయునది పరుల సొత్తును పాడుచేయును. అందువలన విడిచిన పాయింటరులో 'నల్' ఉంచుట మంచి అలవాటు. అనగా 'పత్తా లేదు' అని స్పష్టముగా వ్రాసికొనుట. ఆ నల్‌ను అనుసరించి పోవుటయు ప్రమాదమే. 1965లో ఈ భావనను ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దానిని తన నూరు కోట్ల డాలర్ల పొరపాటుగా పేర్కొనెను.

బొమ్మకును హద్దు కలదు. బాణము బొమ్మలోనిదే, మెమరీలో ఉన్నది సంఖ్య మాత్రమే. కావున బాణము ప్రక్కన చిరునామాను తప్పక వ్రాయింపవలెను.

ఇందులకు విలువైన పరికరములే కావలెనని లేదు. గది నేలపై సుద్దతో గడులు గీచి, ప్రతి గడికి సంఖ్య వేసి, విద్యార్థులనే విలువలుగా నిలిపి, దారమును బాణముగా పట్టించినను పాఠము సాగును. ఉర్దూ విద్యార్థి దానిని 'ఖానా' అనినను, తెలుగు విద్యార్థి 'గడి' అనినను, లోపలి సంఖ్య ఒక్కటే. కళాశాల కమిటీవారు వారమునకు ఒక గంట ప్రయోగశాలను ఇట్టి అభ్యాసమునకు కేటాయించిన, ఈ ఒక్క అధ్యాయము వద్ద నిలిచిపోవువారిలో కొందరైనను ముందుకు సాగుదురని మా నమ్మకము.