ఇంటి వేణువుకు ఏడక్షరాల చదువు

వెదురు బొంగో, కరెంటు తీగలు వేసే ప్లాస్టిక్ గొట్టమో దొరికితే చాలు, సెలవుల్లో పిల్లలు పిల్లనగ్రోవి చేసేసుకుంటారు. ఒక కొసను బిరడాతో మూసి, ఊదే రంధ్రం ఒకటి, వేళ్లకు వరుసగా కొన్ని పెడితే మోగుతుంది. నాలుగు రోజులు ఊది మూలన పడేస్తారు. దానిమీద ఏం వాయించాలో తెలియకపోవడమే ఇందుకు కారణం. స్వరలిపి చదవడం వస్తే ఆ వెదురు ముక్క మూలకు పోదు.

సంగీతం చదవడం అనగానే అయిదు గీతల పాశ్చాత్య పద్ధతి గుర్తుకొస్తుంది. అందులో ప్రతి గుర్తుకూ ఒక స్థిరమైన శ్రుతి ఉంది. ఇంట్లో చేసిన వేణువు ఆ శ్రుతికి సరిగ్గా కుదరడం అరుదు. మన పద్ధతిలో ఆ చిక్కు లేదు. మీ వేణువు పలికే 'స' ఎక్కడుంటే అదే ఆధారం. మిగిలిన స్వరాలు దాన్నిబట్టి నడుస్తాయి. కాబట్టి పొడుగు వేణువుకైనా, పొట్టి వేణువుకైనా పుస్తకం ఒకటే. స్వరాల మధ్య దూరాలు మాత్రం సరిగా ఉండాలి. రంధ్రాన్ని పెద్దది చేసినకొద్దీ స్వరం హెచ్చుతుంది. అందుకే ముందు చిన్నగా పెట్టి, వింటూ కొద్దికొద్దిగా పెంచుకోవాలి. ఇనుప చువ్వ కాల్చి రంధ్రం వేసే పని పెద్దలదే.

కర్ణాటక పద్ధతి వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. చివరిదాన్ని వేలితో మూయరు. ఊదే వైపునుంచి మొదటి రెండూ మూస్తే 'స', ఒక్కటే మూస్తే 'రి', అన్నీ తెరిస్తే 'గ'. సరళీ వరుసలను మాయామాళవగౌళలో నేర్పడం ఆనవాయితీ. అయితే ఆ రాగానికి వేణువుపై సగం మూసిన రంధ్రాలు కావాలి. మొదట సహజంగా పలికే హరికాంభోజిలో సాధన చేస్తే చేతికి తేలిక.

ఇక లిపి సంగతి. 'స' అని హ్రస్వంగా ఉంటే ఒక అక్షరకాలం, 'సా' అని దీర్ఘమైతే రెండు. కామా ఒక అక్షరకాలం పొడిగింపు, సెమీకోలన్ రెండు. అక్షరంపైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం. పైన గీత ఉంటే రెట్టింపు వేగం. ఆదితాళంలో మొదటి వరుస ఇలా ఉంటుంది:

స రి గ మ | ప ద | ని స ||

నాలుగు, రెండు, రెండు, మొత్తం ఎనిమిది. చేత్తో తాళం వేస్తూ ముందు నోటితో చదవాలి, తరువాతే ఊదాలి. మూసిన రంధ్రానికి నల్ల చుక్క, తెరిచినదానికి సున్నా వేసిన బొమ్మలు మొదటి వారానికి పనికొస్తాయి. వాటినే పట్టుకు కూర్చుంటే మాత్రం వేళ్లు కదులుతాయేగాని స్వరం మనసుకెక్కదు.

ఇందులో మన ఇళ్లకు ఇంకో లాభం ఉంది. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న మన పిల్లల్లో ఎందరో తెలుగు మాట్లాడతారు, కాని బడిలో చదివేది వేరే లిపి. అక్షరమాల పుస్తకం ఇస్తే పక్కన పెట్టే పిల్లవాడు కూడా తన వేణువు కోసం స, రి, గ, మ, ప, ద, ని నేర్చుకుంటాడు. సా, రీ, గా అనేటప్పటికి దీర్ఘమూ తెలుస్తుంది. ఏడు అక్షరాలు కూడబలుక్కున్నవాడికి ఎనిమిదోది భయం కాదు.

ప్రవాసంలో తెలుగు లిపికీ స్వరానికీ ఈ చెలిమి కొత్తది కాదు. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తమిళనాడులోని ఎట్టయపురంలో అచ్చయింది. అచ్చయింది తెలుగు లిపిలో! గమకాలకు కూడా ఆయన ప్రత్యేకంగా గుర్తులు వాడారు.

అయినా కాగితం చెప్పలేనిది కొంత ఉంటుంది. వేణువును కచేరీ వేదిక ఎక్కించిన కుంభకోణం శరభశాస్త్రి గారు అంధులు. చెవితోనే విద్య సాధించారు. చదువు చెవికి పోటీ కాదు, తోడు. రోజూ పావుగంట పిల్లలచేత ఒక వరుస వినిపించి, చదివించి, వారి చేత్తోనే తెలుగులో రాయించి, ఆపైన ఊదించండి. సెలవులు అయ్యేసరికి వారి దగ్గర ఒక వేణువూ, తాము రాసుకున్న ఒక తెలుగు పుస్తకమూ ఉంటాయి.