కూల్‌గార్డీ: బంగారు సీమలో ఒక మజిలీ

పశ్చిమ ఆస్ట్రేలియా రాజధాని పెర్త్‌కు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమట్టి నేలల మీద యూకలిప్టస్ అడవులు పరచుకున్న పొడి ప్రాంతంలో ఉన్న కూల్‌గార్డీ, ఒకనాడు బంగారం కోసం వేలాది మంది పరుగులు తీసిన ఊరు; నేడు కారవాన్ యాత్రికులు ఒక రాత్రి ఆగి వెళ్లే మజిలీ. కారవాన్ అంటే పడక, పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అమర్చి, కారు వెనుక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. ఉద్యోగ విరమణ తరువాత ఇటువంటి ఇంటితో నెలల తరబడి దేశం చుట్టివచ్చే దంపతులు ఆస్ట్రేలియాలో ఎందరో ఉన్నారు. పెర్త్ నుంచి వచ్చే గ్రేట్ ఈస్టర్న్ హైవే కూల్‌గార్డీ నడివీధి గుండానే కాల్‌గూర్లీకి సాగిపోతుంది. దక్షిణాన నార్స్‌మన్‌కు, అక్కడి నుంచి నల్లర్‌బోర్ మైదానం మీదుగా తూర్పు రాష్ట్రాలకు వెళ్లే దారి కూడా ఇక్కడే చీలుతుంది. ఖండం లోపల జనం పలచగా ఉండే ఔట్‌బ్యాక్‌లో మునిమాపు వేళ కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి కనుక, పొద్దుగూకకముందే బండి నిలుపుకోవడం అనుభవజ్ఞులందరూ పాటించే నియమం.

అలా ఆగినవారికి మొదట ఆశ్చర్యం కలిగించేది బేలీ వీధి వెడల్పు. వెయ్యి మందైనా లేని ఊరికి అంత విశాలమైన రాజవీధి ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఒంటెల బిడార్లలో ఉంది: ఒకదాని వెనుక ఒకటిగా కట్టిన ఒంటెల వరుస మొత్తం వెనక్కు తిరగడానికి ఆ మాత్రం చోటు కావలసి వచ్చింది. 1892 సెప్టెంబరులో ఆర్థర్ బేలీ, విలియం ఫోర్డ్ ఇక్కడ బంగారం కనుగొన్నారు. బేలీ 554 ఔన్సుల బంగారంతో, అంటే 17 కిలోలకు పైగా బరువుతో, సదరన్ క్రాస్‌కు వెళ్లి తమ హక్కును నమోదు చేయించాడు. ఆ కబురు పొక్కిన కొన్నేళ్లలోనే కూల్‌గార్డీ, పెర్త్, ఫ్రీమాంటిల్‌ల తరువాత ఆ వలసరాజ్యంలో మూడో పెద్ద పట్టణమైంది.

1896లో రైలు వచ్చేదాకా, ఆ తరువాత కూడా పట్టాలు లేని గనులకు, తిండిగింజలూ పనిముట్లూ నీళ్లూ మోసినవి ఒంటెలే. వాటిని నడిపినవారిని అందరూ అఫ్ఘన్లనే పిలిచినా, వారిలో అనేకులు అప్పటి బ్రిటిష్ ఇండియాకు చెందిన బలూచిస్తాన్, సింధ్, పంజాబు ప్రాంతాలవారు. ఒంటెలు ఎక్కువగా కరాచీ రేవు నుంచి ఓడల్లో తరలివెళ్లాయి. బంగారు సీమ చరిత్రలో బేలీ పేరు వీధికి నిలిచింది కాని, ఈ ఒంటెల కాపరులకు దక్కవలసిన స్థానం ఇంకా పూర్తిగా దక్కలేదు.

నిజానికి ఇక్కడ బంగారం కంటే అరుదైనది నీరు. ఏటా సగటున 30 సెంటీమీటర్ల వానైనా పడని ఈ నేల మీద, రాతిబండల్లో సహజంగా ఏర్పడిన గుంటల్లోని నీటిని పొదుపుగా వాడుకుంటూ ఆదివాసులు తరతరాలుగా బతికారు. ఒక్కసారిగా వచ్చిపడిన వేలమందికి ఆ గుంటలు ఏ మూలకు సరిపోతాయి? మట్టిని కడిగి బంగారం తీసే వీలు లేక గనివారు దానిని ఎత్తు నుంచి పళ్లెంలోకి వంపుతూ గాలికి తూర్పారబట్టేవారు: దుమ్ము ఎగిరిపోగా బరువైన బంగారు రేణువులు అడుగున నిలిచేవి. తాగడానికి ఉప్పునీటిని ఇనుప తొట్లలో కాచి, ఆవిరిని గొట్టాల్లో చల్లార్చి అమ్మేవారు. అపరిశుభ్రమైన నీటివల్ల టైఫాయిడ్ ప్రబలి ఎందరో యువకులు మరణించారు. ఆ రోజుల్లోనే ఆర్థర్ మెకార్మిక్ రూపొందించిన ‘కూల్‌గార్డీ సేఫ్’ అనే అలమరకు పైన నీళ్ల పళ్లెం, చుట్టూ గోనెగుడ్డ ఉండేవి. పళ్లెంలోంచి దిగే నీటితో తడిసిన గోనె ఆరుతున్నప్పుడు, మన వట్టివేళ్ల తడికలు గదిని చల్లబరచినట్లే, లోపలి మాంసాన్నీ వెన్ననూ కాపాడేది.

ఈ కరువుకు పరిష్కారం చూపినవాడు ఐర్లండులో పుట్టిన ఇంజనీరు సి. వై. ఓకానర్. పెర్త్ సమీపాన హెలీనా నది మీద ఆనకట్ట కట్టి, ఎనిమిది పంపింగ్ కేంద్రాలతో, అయిదు వందల కిలోమీటర్లకు పైబడిన ఉక్కు గొట్టం ద్వారా రోజుకు 50 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 2.3 కోట్ల లీటర్లు, మెరక ప్రాంతానికి ఎక్కించాలన్నది ఆయన పథకం. పత్రికలూ రాజకీయ ప్రత్యర్థులూ గుప్పించిన నిందలకు కుంగి 1902 మార్చిలో ఓకానర్ ఆత్మహత్య చేసుకున్నాడు. 1903 జనవరిలో నీళ్లు ఆయన లెక్క ప్రకారమే వచ్చాయి. విషాదమేమంటే, అప్పటికే కూల్‌గార్డీలో పైపొరల బంగారం తరిగి, జనం 39 కిలోమీటర్ల అవతలి కాల్‌గూర్లీకి తరలిపోతున్నారు. దాహం తీరేనాటికి ఊరు ఖాళీ కావడం మొదలైంది. ఆ పథకం మాత్రం నేటికీ పనిచేస్తోంది. హైవే వెంబడి చాలా దూరం కనిపించే ఆ గొట్టపు నీరే నేటి యాత్రికుల ట్యాంకులలో నిండుతుంది.

పెర్త్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కాల్‌గూర్లీ గనులు చూడబోయేటప్పుడు, ఇక్కడ పెట్రోలు పోయించుకుని సాగిపోకుండా ఒక పూట కేటాయించడం మంచిది. 1898 నాటి వార్డెన్ కోర్టు భవనంలోని మ్యూజియాన్నీ, ఒంటెలతో ఎడారులు దాటి చివరకు ఇక్కడే గుమాస్తాగా పనిచేస్తూ 1897లో మరణించిన అన్వేషకుడు ఎర్నెస్ట్ గైల్స్ సమాధి ఉన్న శ్మశానవాటికనూ తప్పక చూడాలి. వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి కనుక, మే నుంచి సెప్టెంబరు వరకు ప్రయాణానికి అనువైన కాలం.