స్టీరియో సరే, బిగించేవాడెవరు?

కారులో పాటలు పెట్టించుకోవాలనుకునే ప్రతివాడూ మొదట అడిగే ప్రశ్న "ఏ కంపెనీ సెట్టు మంచిది?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది "ఎవరిచేత బిగించాలి?" అనేది. సెట్టు నచ్చకపోతే మార్చుకోవచ్చు. డాష్‌బోర్డు వెనకాల ఒకసారి కోసిన వైర్లను మాత్రం ఎంత టేపు చుట్టినా మొదటిలా చేయలేం.

మోటారుకీ పాటకీ పొత్తు ఈనాటిది కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు కారు రేడియో తయారుచేసి దానికి పెట్టిన పేరే మోటరోలా. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు ఫోనుతో వైరు లేకుండానే మాట్లాడే టచ్ స్క్రీన్లు వచ్చాయి. సెట్టు ఎంత మారినా దాని వెనక ఉండేది బ్యాటరీ, దాన్నుంచి వైర్లు లాగే ఒక మనిషి. ఆ మనిషి గురించే ఈ వ్యాసం.

మా చిన్నాయన హన్మకొండలో సొంత కారు కిరాయికి నడుపుతాడు. నిరుడు ఒక పాత బండి కొన్నాడు. ముందరి యజమాని ఎక్కడో బిగించుకున్న స్టీరియో అందులో ఉంది. రెండు రోజులు బండి కదలకుండా ఉంటే మూడోనాడు పొద్దున స్టార్ట్ కాదు. "ఎయిర్‌పోర్టు కిరాయి పోయిందిరా! పాటల కోసం బ్యాటరీ చంపుకుంటరా ఎవరన్నా?" అని మొత్తుకున్నాడు. కిరాయి బండి ఒక పూట ఆగిందంటే ఆ పూట కూలి పోయినట్టే కదా. కొత్త బ్యాటరీ వేయించమని ఒకరు, డైనమో విప్పించమని ఇంకొకరు సలహా. నేను ఎలక్ట్రికల్ విద్యార్థిని గనక మల్టీమీటరు పట్టుకుని వెళ్లాను. తాళం తీసేసినా బండి 0.4 ఆంపియర్లు తాగుతూనే ఉంది. స్టీరియో ఫ్యూజు పీకితే అది దాదాపు సున్నాకు పడిపోయింది. రోజుకు 24 గంటల లెక్కన రెండు రోజులకు 19 ఆంపియర్-అవర్లు పైనే. ఆ బ్యాటరీ మొత్తం 35. ఇక స్టార్ట్ ఎక్కడవుతుంది?

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే సెట్టు వెనక వైర్ల రంగులు తెలియాలి. బయట కొనే సెట్లలో సాధారణంగా పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఎరుపుకు తాళం తిప్పితేనే వస్తుంది. నలుపు ఎర్తు. ఎరుపు వైరు పని "ఇక నిద్ర లే" అని సెట్టుకు చెప్పడం. దానికోసం తాళం దగ్గర్నుంచి వచ్చే వైరును వెతికి పట్టుకోవాలి. ఆ ఓపిక లేనివాడు పసుపునూ ఎరుపునూ కలిపి మెలేసి, బ్యాటరీ వైరుకు కట్టేస్తాడు. పాట వస్తుంది, డబ్బులు పుచ్చుకుంటాడు. సెట్టు మాత్రం తెర ఆరిపోయినా లోపల రాత్రంతా జాగారం చేస్తూనే ఉంటుంది. చిన్నాయన బండిలో జరిగింది సరిగ్గా ఇదే.

సరే, దీన్ని బాగుచేసేవాడి కోసం మూడు చోట్ల తిరిగాం. మొదటిది అద్దాల దుకాణం. పదిహేను వందలు అడిగారు. పైగా యాంప్లిఫయరూ బేస్ ట్యూబూ లేకపోతే "సౌండే ఉండదు" అన్నారు. రెండో ఆయన వైర్లు చూడకుండానే మూడు వందలు, పది నిమిషాల పని అన్నాడు. ఇద్దరికీ దండం పెట్టి, టాక్సీ స్టాండులో అడిగాం. ఇక్కడ అడిగే తీరు ముఖ్యం. "ఎవరు బాగా చేస్తారు?" అంటే తలా ఒక పేరు చెబుతారు. "రెండు ఎండాకాలాల కింద పెట్టించుకుని, మళ్లీ విప్పనివాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడగాలి. ఎందుకంటే టేపు చుట్టిన జాయింటు మొదటి నెల బాగానే ఉంటుంది. మన మే నెల వేడికి జిగురు కరిగి జారాక దాని అసలు రంగు బయటపడుతుంది.

అలా దొరికిన మూడో ఆయనది ఒక చిన్న రేకుల షెడ్డు. ఎనిమిది వందలన్నాడు. పని మొదలుపెట్టక ముందే లైట్లు, హారను, వైపర్లు, ఏసీ అన్నీ వేసి చిన్నాయనకు చూపించాడు, తర్వాత మాట రాకుండా. బ్యాటరీ నెగటివ్ విప్పేశాడు. కొలతలు కావలసినప్పుడు మళ్లీ తగిలించి మీటరు పెట్టి చూశాడే తప్ప టెస్ట్ ల్యాంప్‌తో ప్రతి వైరునూ పొడవలేదు. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ వైర్లకు సాధారణంగా పసుపు కప్లర్లు ఉంటాయి. టెస్ట్ ల్యాంప్ పట్టుకుని అటువైపు చెయ్యి పెట్టేవాణ్ణి చూస్తే బండి వెనక్కి తిప్పుకుని రావడమే మేలు. కోసేసి ఉన్న వైర్లను ఆయన సోల్డరు చేసి, స్లీవ్ వేసి, ఆ బండి మోడలుకు సరిపడే కప్లరు తగిలించాడు. ఆ కప్లరు ఖరీదు కొద్ది వందలే. కొత్త కారున్న వాళ్లు దీన్ని అసలు వదలకూడదు. వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీకి కంపెనీ అడ్డం తిరగవచ్చు.

నాకు ఆయన మీద గురి కుదిరింది మాత్రం వేరే మాటకు. "ఇంకొంచెం సౌండు రావాలంటే?" అని చిన్నాయన అడిగితే, "నీకెందుకన్నా, వెనక పాసింజర్లు పడుకుంటరు" అన్నాడు. అమ్మగలిగిన సరుకు వద్దని చెప్పేవాడు ఎంతమంది దొరుకుతారు?

వాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బా మీద 50 వాట్లు, నాలుగు చానళ్లు అని ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు దొరికేది సుమారు 14 వోల్టులు, స్పీకరు 4 ఓములు. 14ను 14తో గుణించి 4తో భాగిస్తే 49. అంటే పాట తరంగం ఆకారం పూర్తిగా చెడి నలుచదరమైపోతే వచ్చే అంకె అన్నమాట. శుభ్రమైన పాటగా వచ్చేది చానలుకు 15 నుంచి 20 వాట్లు. చిన్న కారుకు అదీ ఎక్కువే.

యాంప్లిఫయరు పెట్టించి తీరాలనే మిత్రులు ఒక్కటి పట్టుబట్టండి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుకు బ్యాటరీ పక్కనే, జానెడు రెండు జానల లోపు, ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయరును కాదు, వైరును. అది డిక్కీలో ఉంటే మధ్య దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపేవాడుండడు. కార్లు తగలబడే దారుల్లో అదొకటి. రేకుకు చేసిన రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ కూడా వేయించాలి. ఇక రాగి వైరని చెప్పి ఇచ్చినదాన్ని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం.

హాస్టల్ మిత్రులకు ఒక చిట్కా. స్పీకరు వైర్లకు 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలితే కోను ముందుకు ఉబుకుతుంది. ముందున్న రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తారుమారైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని బేసు మాయమవుతుంది. చాలామంది సెట్టును తిట్టుకునేది దీనికే. ఈ పరీక్ష చేసేటప్పుడు స్పీకరు వైర్లు సెట్టు నుంచి విప్పి ఉండాలి సుమా.

డబ్బులిచ్చే ముందు బిల్లు మీద వైరింగు గ్యారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి. తర్వాత బండి తాళం వేసి, అరగంట ఆగి, బ్యాటరీ నెగటివ్ దారిలో మీటరు పెట్టించి చూడండి. చిన్నాయన బండికి ఇప్పుడు 0.03 ఆంపియర్లు. మీటరు తగిలించి ఉండగా మాత్రం స్టార్టు కొట్టకండి. స్టార్టరు లాగే కరెంటుకు మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది, ఆ మీటరు ల్యాబుదైతే ఇక చెప్పనక్కర్లేదు.